కార్బన్ మోనాక్సైడును పసిగట్టు ప్రోటీను: జీవశాస్త్ర పాఠ్యగ్రంథ సంపాదకులకు బహిరంగ లేఖ



తెలుగున ఇంటర్మీడియట్ మొదలు డిగ్రీ వఱకు గల తరగతులకు జీవశాస్త్ర పాఠ్యగ్రంథములను కూర్చుచు, సవరించుచు, వేలకొలది విద్యార్థులకు ఆ శాస్త్రముతోడి తొలి పరిచయమును కల్పించుచున్న సంపాదకులకును రచయితలకును నమస్కరించి, ఆ గ్రంథములనే చేతబట్టుకొని పాఠములు చెప్పుచు వచ్చిన యొక అధ్యాపకుడు వ్రాసికొను విన్నపమిది.

జన్యువ్యక్తీకరణ నియంత్రణమను ప్రకరణమునకు వచ్చునప్పటికి మన గ్రంథములన్నియు ఒకే యుదాహరణము నాశ్రయించుచున్నవి. ఎషరికియా కోలై అను బాక్టీరియా తనకు లాక్టోసు లభించినపుడు మాత్రమే ఆ చక్కెరను జీర్ణించుకొను ఎంజైములను తయారుచేసికొనుననియు, ఆ ఏర్పాటును 1961లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు జాకబ్, మోనోలు లాక్ ఒపెరాన్ అను పేర వివరించిరనియు విద్యార్థి కంఠస్థము చేయును. అదే గ్రంథమున మఱియొక చోట, వాయుకాలుష్యమును వర్ణించు పుటలలో, కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకమైన విషవాయువనియు, రక్తములోని హీమోగ్లోబినును పట్టుకొని ఆమ్లజని కచ్చట చోటు లేకుండ చేయుననియు చదువును. ఈ రెండు పుటల నడుమ సంబంధ మేదియో యుండవచ్చునన్న ఊహయే విద్యార్థికి కలుగదు. కాని ఆ సంబంధము కలదు. కార్బన్ మోనాక్సైడును తన ఇనుప పరమాణువుతో పట్టుకొని, ఆ పట్టుకొనుట చేతనే రూపము మార్చుకొని, డి.ఎన్.ఏ.పై వ్రాలి, జన్యువులను మేల్కొలుపు ప్రోటీనొకటి ప్రకృతిలో నున్నది. దానిని లాక్ ఒపెరాన్ ప్రక్కన నిలిపి బోధింపుడని కోరుటకే ఈ లేఖ.

కార్బన్ మోనాక్సైడు విషము కాదని నేననుట లేదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున క్లాడ్ బెర్నార్డు అది రక్తముపై చూపు ప్రభావమును పరీక్షించి చూపినాడు. జాన్ స్కాట్ హాల్డేను అను బ్రిటిషు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు గనులలో ప్రేలుళ్ళ తరువాత కార్మికులను చంపుచున్నది ప్రధానముగా ఈ వాయువేయని నిశ్చయించి, దానిని తానే పీల్చి, తన దేహమున కలుగు మార్పులను వ్రాసికొని, 1895లో ప్రకటించినాడు. మనుష్యునికంటె ముందుగా సొమ్మసిల్లు కానరీ పక్షులను గనులలోనికి గొనిపోవు ఆచారమును ప్రోత్సహించినవాడును అతడే. ఆమ్లజనితో పోల్చిన, ఈ వాయువునకు హీమోగ్లోబినుతో గల ఆకర్షణ రెండువందల రెట్లకు మించినది. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించి తెల్లవాఱునప్పటికి విగతజీవులైన కుటుంబముల వార్తలు ప్రతి శీతకాలమునను పత్రికలలో కనబడుచునే యున్నవి. ఆ హెచ్చరిక పుస్తకమున నుండవలసినదే, ఇంకను పెద్ద అక్షరములలో నుండవలసినదే. నా విన్నపమంతయు ఆ హెచ్చరిక తరువాత వచ్చు కథను గూర్చి.

భూమిపై కార్బన్ మోనాక్సైడు మనుష్యుడు మాత్రమే పుట్టించినది కాదు. అగ్నిపర్వతముల ఊపిరిలో నున్నది; కార్చిచ్చులలో పుట్టుచున్నది; సముద్రోపరితలమున కరగియున్న సేంద్రియ పదార్థములపై ఎండ పడినపుడు జనించుచున్నది; మన శరీరమునందే, కాలము తీరిన రక్తకణములలోని హీమ్ విచ్ఛిన్నమగునపుడు, హీమ్ ఆక్సిజనేసు అను ఎంజైము చేత అనుక్షణము కొద్దికొద్దిగా వెలువడుచున్నది. ఇన్ని చోట్ల పుట్టుచున్న వాయువు వాతావరణమున పేరుకొనిపోక స్వల్ప పరిమాణముననే నిలిచియుండుటకు గల కారణములలో నేలలోని సూక్ష్మజీవు లొకటి. అవి దానిని తినుచున్నవి. మనకు మృత్యువైనది వానికి అన్నము.

ఆ తిను జీవులలో మన కథకు నాయకస్థానము రోడోస్పైరిల్లం రూబ్రమునకు దక్కును. 1887లో ఎస్మార్క్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వర్ణించిన ఈ బాక్టీరియాకు ఇప్పటి పేరును 1907లో మోలిష్ అను వృక్షశాస్త్రజ్ఞు డిచ్చినాడు. గాలి చొరని గాజుసీసాలో, దీపకాంతి యెదుట పెంచినచో, సీసాలోని ద్రవమంతయు దానిమ్మరసమును తలపించు ఎఱుపుదనము దాల్చును. సూక్ష్మదర్శినిలో చూచినచో మెలిదిరిగిన దేహములు చురుకుగా ఈదులాడుచుండును. వెలుగున్నపుడు వెలుగుతో, గాలియున్నపుడు గాలితో, రెండును లేనపుడు వేఱొక మార్గమున జీవింపగల బహువిద్యాపారంగతమైన జీవి యిది. నత్రజనిని స్థిరీకరించును, వెలుగులో ఉదజనిని విడుచునని గెస్ట్, కామెన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1949లో గుర్తించిరి. వెలుతురును ఆమ్లజనియు లేని చీకటిలో, చుట్టును కార్బన్ మోనాక్సైడు ఉన్నచో, దానినే ఆధారము చేసికొని బ్రతుకుట ఇది నేర్చిన మఱియొక విద్య. దీని కులమునకు చెందిన మఱియొక బాక్టీరియా చీకటిలో ఈ వాయువునే కర్బనమునకును శక్తికిని మూలముగా గైకొని పెరుగునని 1976లో ఉఫెన్ చూపియుండెను.

జరుగు రసాయన చర్య మిగుల సరళమైనది. కార్బన్ మోనాక్సైడు నీటితో కూడి, బొగ్గుపులుసు వాయువుగను ఉదజనిగను మాఱును. ఇందు వెలువడు శక్తి, ప్రామాణిక పరిస్థితులలో, మోలునకు సుమారు 20 కిలోజౌళ్ళు మాత్రమే, ఒక ఏ.టి.పి. అణువు నిర్మాణమునకు సైతము చాలని యీ స్వల్పధనమును కణము పొరకు ఆవలి ప్రక్కకు ప్రోటాన్లను నెట్టుట ద్వారా కూడబెట్టుకొని బ్రతుకును. ఈ చర్యనే ఎరువుల కర్మాగారములలో అమ్మోనియా తయారీకొఱకు మనమును జరిపించుచున్నాము. ఇనుము, క్రోమియము ఆక్సైడుల సహాయముతో, తొలి దశలో 350 డిగ్రీల సెల్సియసునకు పైబడిన వేడిమిలో. రూబ్రము దానిని 30 డిగ్రీల గోరువెచ్చని నీటిలో నిర్వహించును. రసాయనశాస్త్రమును జీవశాస్త్రమును వేర్వేఱు గోడల నడుమ బంధించి చదివించుచున్న మనకు, ఈ యొక్క పోలిక చాలును, ఆ గోడలో కిటికీ తెఱచుటకు.

అయితే ఈ విద్యకు కావలసిన పనిముట్లు ఖరీదైనవి. కార్బన్ మోనాక్సైడు డీహైడ్రోజనేసు అను ఎంజైము నడిబొడ్డున నికెలు, ఇనుము, గంధకముల పరమాణువులు ఒక నియతమైన అమరికలో కూర్చబడవలెను. నికెలును తెచ్చి అందుంచుటకు వేఱుగ సహాయక ప్రోటీనులు కావలెను. పుట్టిన ఎలక్ట్రానులను మోయుట కొకటి, వానిని ప్రోటానులతో కలిపి ఉదజనిగా మార్చుటకు పలు భాగములు గల హైడ్రోజనేసు మఱియొకటి. ఇన్నింటిని ఎల్లవేళల సిద్ధముగా నుంచుకొనుట వ్యర్థవ్యయము. పైగా ఆ డీహైడ్రోజనేసునకు ఆమ్లజని సోకిన చెడిపోవును. కాలువకు నీరు వచ్చునన్న కబురు తెలియనిదే నారు పోయని రైతువలె, ఈ జీవి ఆహారము వచ్చినదనియు, ఆమ్లజని లేదనియు, ఈ రెంటిని రూఢి చేసికొనినగాని ఆ పనికి పూనుకొనరాదు. ఆ కబురు తెచ్చువా డెవరు? పాఠముగ చెప్పదగిన ప్రశ్న ఇదియే.

అమెరికాలోని మాడిసన్ నగరమున, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునందు, పాల్ లడ్డెన్, గేరీ రాబర్ట్సులును వారి సహచరులును ఈ ప్రశ్నను ఓర్పుతో వెంబడించిరి. కార్బన్ మోనాక్సైడు తగిలినపుడే రూబ్రములో డీహైడ్రోజనేసును హైడ్రోజనేసును తయారగునని 1989లో ప్రకటించిరి. ఆ జన్యువులు రెండు గుంపులుగా, రెండు ఒపెరానులుగా, డి.ఎన్.ఏ.పై పొరుగుపొరుగున నున్నవి. వాని చెంతనే మఱియొక చిన్న జన్యువు కనబడినది. దానికి కూ-ఏ అని పేరు పెట్టిరి. ఆ జన్యువు చెడిన బాక్టీరియాకు కార్బన్ మోనాక్సైడు నెంత యిచ్చినను చలనము లేదు, ఎంజైములు పుట్టవు. జన్యువులోని అక్షరక్రమమును చదివిచూడగా అది కోలై బాక్టీరియాలోని సి.ఆర్.పి. అను నియంత్రక ప్రోటీనునకు దగ్గరి చుట్టమని తేలినది. ఇది 1995 నాటి మాట. మఱుసటి యేటనే జపానులో షిగెతోషి అవొనొ బృందమువారు ఆ ప్రోటీనును శుద్ధిచేసి, అందు హీమ్ ఉన్నదనియు, కార్బన్ మోనాక్సైడుతో కూడినపుడే అది డి.ఎన్.ఏ.ను ఆశ్రయించుననియు తెలిపిరి. 1997లో మాడిసన్ బృందమువారును అదియే చూపిరి. హీమోగ్లోబినులో ఏ వలయము నడుమ ఏ ఇనుము కూర్చుండి కార్బన్ మోనాక్సైడు చేతిలో మనలను చంపుచున్నదో, అదే వలయము, అదే ఇనుము, ఇచ్చట ఆ వాయువు రాకను తెలుపు ఇంద్రియమైనది. ఈ వాక్యము నొక్కదానిని మీ గ్రంథమున చదివిన విద్యార్థి ఆ రాత్రి పుస్తకము మూయునా అని నా సందేహము.

సి.ఆర్.పి. మీ గ్రంథములకు క్రొత్తది కాదు. లాక్ ఒపెరాన్ పాఠము చివర, గ్లూకోసు కొఱవడినపుడు చక్రీయ ఏ.ఎం.పి. అను చిన్న అణువు వచ్చి సి.ఆర్.పి.ని అంటుకొనుననియు, అప్పుడది డి.ఎన్.ఏ.పై నిలిచి అనులేఖనమును ప్రోత్సహించుననియు నాలుగు పంక్తులలో చెప్పి ముగించుట పరిపాటి. కూ-ఏ అదే వంశము, అదే శిల్పము: రెండు సమాన భాగముల జంట, ఒక్కొక్క భాగమున 220 పైచిలుకు అమైనో ఆమ్లములు, ముందు వైపు సందేశము నందుకొను అంగము, వెనుక వైపు డి.ఎన్.ఏ.ను పట్టుకొను అంగము. చక్రీయ ఏ.ఎం.పి. కూర్చుండవలసిన అంగమున హీమ్ చేరినది. అట్లు పాఠమును మొదటినుండి క్రొత్తగా వ్రాయవలసిన శ్రమయు మీకు లేదు. ఉన్న పాఠమునకే ఒక కొనసాగింపు.

ఇక ఆ ఇనుము చుట్టును జరుగు వింతను నిదానముగా చూడవలెను. ఇచ్చట తొందర తగదు. హీమ్ వలయములోని నాలుగు నత్రజని పరమాణువులు ఇనుమును నాలుగు వైపులనుండి పట్టియుంచును. పైన ఒకటి, క్రింద ఒకటి, రెండు స్థానములు మిగులును. హీమోగ్లోబినులో క్రింది స్థానమును హిస్టిడిను ఆక్రమించును. పైస్థానము ఆమ్లజనికై ఖాళీగ నుండును. కూ-ఏలో అట్టి ఖాళీ లేదు. వాయువు రాకపూర్వము రెండు స్థానములును నిండియే యుండును. ఒకదానిలో నున్నది ప్రోలీను. అదియు ప్రోటీను గొలుసు మొట్టమొదటి కొసనుండి వచ్చినది, పైగా తన గొలుసుది కాదు, జంటలోని రెండవ భాగపు గొలుసుది. అనగా కుడిభాగము కొస ఎడమభాగపు ఇనుమును, ఎడమభాగము కొస కుడిభాగపు ఇనుమును పట్టుకొని, రెండు భాగములును ఒండొంటిని పెనవేసికొని యుండును. ప్రోలీను ఈ విధముగా హీమ్‌లోని ఇనుమునకు తోడగుట అంతకుమున్ను ఏ ప్రోటీనులోను ఎఱుగని సంగతి. 2000 సంవత్సరమున లాంజిలోట్టా, పూలస్, రాబర్ట్సు ప్రభృతులు స్ఫటిక నిర్మాణమును ప్రకటించినపుడు ఇది కన్నులకు కట్టినట్లు కనబడినది.

రెండవ స్థానపు కథ మఱింత సూక్ష్మమైనది. ఆమ్లజని సమృద్ధిగా నున్నపుడు ఇనుము ఆక్సీకరణమునకు లోనై మూడు ధనావేశములతో నుండును. ఆ స్థితిలో దానికి తోడుగ నున్నది గొలుసులో 75వ స్థానమున గల సిస్టీనులోని గంధకము. ఇట్టి ఇనుము కార్బన్ మోనాక్సైడును అందుకొనజాలదు. వాయువు చుట్టును ఎంత యున్నను కూ-ఏ చెవిటిదే. ఆమ్లజని తొలగి, కణములోని వాతావరణము క్షయకరణమునకు అనుకూలమైనపుడు, ఇనుము ఒక ఎలక్ట్రానును గ్రహించి రెండు ధనావేశముల స్థితికి దిగును. తోడనే సిస్టీను తప్పుకొనును, రెండు స్థానముల ఆవల 77వదిగా నున్న హిస్టిడిను వచ్చి ఆ చోటును గైకొనును. ఇప్పుడు మాత్రమే ద్వారము తెఱవబడినది. ఇప్పుడు కార్బన్ మోనాక్సైడు వచ్చినచో, హిస్టిడినును కదలింపక, ఎదుటి వైపు ప్రోలీనును త్రోసి, దాని చోట కూర్చుండును. ఆమ్లజని సోకిన చెడు ఎంజైమును ఆమ్లజని నడుమ తయారుచేయుట నిష్ప్రయోజనమని ఇంతకుముందు విన్నవించితిని కదా. ఆ వివేకము వేఱొక ప్రోటీనునకు అప్పగింపబడక, వాయువును పసిగట్టు ఈ ఇనుమునందే ఇమిడియున్నది. ఆహారమున్నదా యను ప్రశ్నకును, ఆమ్లజని లేదా యను ప్రశ్నకును ఒకే పరమాణువు ఉత్తరము చెప్పుచున్నది. నియంత్రణమనగా నేమో విద్యార్థికి హృదయమున నాటుటకు ఇంతకంటె నిర్మలమైన దృష్టాంతము నే నెఱుగను.

హీమ్ నాశ్రయించు చిన్న వాయువులు మఱి రెండున్నవి: ఆమ్లజని, నైట్రిక్ ఆక్సైడు. పరిమాణమున మూడును దాదాపు ఒకటే. వీనిలో ఒకదానికే స్పందించి తక్కిన రెంటికి స్పందింపకుండుట యెట్లు? ఆమ్లజని తగిలినచో కూ-ఏలోని ఇనుము దానిని పట్టుకొని నిలుపక, ఆక్సీకరణము చెంది, మొదటి చెవిటి స్థితికే మరలును. నైట్రిక్ ఆక్సైడు వచ్చినచో పట్టుకొనుట నిజమే. కాని ఆ వాయువు ప్రోలీనునే గాక ఎదుటి హిస్టిడినును కూడ ఊడదీయును, ఇనుమునకు అయిదు బంధములే మిగులును, ప్రోటీను క్రియాశీల రూపమును పొందజాలదు. కార్బన్ మోనాక్సైడు ఒక్కటియే ప్రోలీనును తొలగించి హిస్టిడినును ఉంచును. ఒక తోడు పోవలెను, ఒక తోడు నిలువవలెను. అప్పుడుగాని సందేశము సందేశము కాదు. హీమోగ్లోబిను ఏ వాయువు నుండి తప్పించుకొనలేక ఓడిపోయినదో, ఆ వాయువునే వెదకి యేరుకొను నైపుణ్యము అదే హీమును ధరించిన యీ సూక్ష్మ ప్రోటీనునకు అబ్బినది.

వాయువు కూర్చున్న చోటికిని డి.ఎన్.ఏ.ను పట్టుకొను చోటికిని నడుమ దూరము చాల కలదు. వార్త యెట్లు చేరుచున్నది? జంటలోని రెండు భాగములను కలుపుచు, హీమ్‌లను ఒరసికొని, పొడవైన సర్పిలములు రెండు ప్రక్కప్రక్కన సాగియుండును. ప్రోలీను తొలగి, కార్బన్ మోనాక్సైడు హీమ్ ప్రక్కనున్న జలవిముఖమైన గూటిలో కుదురుకొన్నపుడు, ఆ సర్పిలములు తమ అమరికను సవరించుకొనును. ఆ సవరింపుతో వెనుక నున్న డి.ఎన్.ఏ. అంగములు ఎదురుచూచుచున్న భంగిమకు తిరుగును. ఇందు ఒక చిక్కు గలదు, దానిని విద్యార్థులనుండి దాచరాదు. ప్రోలీను తొలగుటయే సర్వస్వమైనచో, ఆ ప్రోలీనును మార్చివేసిన ప్రోటీను వాయువు లేకయే మేల్కొనవలెను, లేదా వాయువునకు స్పందించుట మానవలెను. పరిశోధకులు దానిని మార్చి చూచిరి. అట్టి రూపాంతరములు కార్బన్ మోనాక్సైడునకు యథాప్రకారము స్పందించినవి. కనుక ప్రోలీను పాత్ర మనము తొలుత ఊహించినంత ఏకాకిది కాదనియు, హీమ్ ప్రక్కన వాయువు కుదురుకొను గూడును, సర్పిలముల సవరింపును కలిసి ఆ కార్యమును నిర్వహించుచున్నవనియు గ్రహించిరి. 2007లో వెలువడిన నిర్మాణములు, తప్పించుకొన్న ఆ గొలుసు కొస ముందు అంగమునకును వెనుక అంగమునకును నడుమ వంతెనవలె చేరి క్రియాశీల రూపమును నిలుపుటకు తోడ్పడునని సూచించినవి. సిద్ధాంతమొకటి పుట్టుట, ప్రయోగము దానిని ప్రశ్నించుట, క్రొత్త నిర్మాణము దానిని సవరించుట, ఇవన్నియు పది పన్నెండేండ్ల కాలములో, ఒక్క ప్రోటీను చుట్టు జరిగినవి. మన గ్రంథములు శాస్త్రమును ముగిసిపోయిన తీర్పులుగా వ్రాయుచున్నవి. వాదము సాగుచుండగా చూపుటకు ఇట్టి అవకాశ మరుదు.

డి.ఎన్.ఏ.పై కూ-ఏ వెదకు గుర్తు సి.ఆర్.పి. వెదకు గుర్తునకు పోలిక గలది: అయిదక్షరములు, ఆరక్షరముల వ్యవధి, మరల ఐదక్షరములు, జంటలోని రెండు భాగములు చెఱియొక ఐదింటిని చదువును. అచ్చట నిలిచి, ఆర్.ఎన్.ఏ. పాలిమరేసును తాకి, ఆ తావున స్థిరముగా నిలుచుటకు తోడ్పడును. రెండు ఒపెరానులును మేల్కొనును. లాక్ నిరోధకము అడ్డు తొలగుటవలన జన్యువులు తెఱచుకొనుట ఋణ నియంత్రణమైనచో, ఇది ధన నియంత్రణమునకు శుద్ధమైన రూపము.

ఈ విద్య రూబ్రమునకు మాత్రమే పరిమితము కాదు. కురిల్ దీవులలోని కునాషిర్‌లో వేడినీటి బుగ్గలనుండి 1991లో వర్ణింపబడిన కార్బాక్సిడోథర్మస్ అను బాక్టీరియా సుమారు 70 డిగ్రీల వేడిమిలో కార్బన్ మోనాక్సైడుపై జీవించుచు కూ-ఏ వంటి ప్రోటీనునే వాడుచున్నది. గాలి గల నేలలలో బ్రతుకు పారాబర్క్‌హోల్డేరియా జెనోవోరన్సు అను బాక్టీరియాలో వేఱొక వంశపు ప్రోటీను, ఆర్‌కోఎమ్, అదే పని చేయుచున్నదని 2008లో మాడిసన్ బృందమే కనుగొన్నది. అదియు హీమునే ఆశ్రయించినది, కాని శిల్పము పూర్తిగా వేఱు. ఒకే అవసరమునకు పరిణామము రెండు మార్గములు త్రొక్కినది.

మన దేశమునకు దగ్గరి సంగతియొకటి చెప్పక ఈ లేఖను ముగింపజాలను. ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నాల్గవ వంతు భారతదేశముననే యున్నారు. క్షయ బాక్టీరియా మన శరీరమున ప్రవేశించినపుడు దానిని మ్రింగిన రక్షకకణములలో హీమ్ ఆక్సిజనేసు పెరిగి, కార్బన్ మోనాక్సైడు వెలువడును. ఆ వాయువును ఆ బాక్టీరియా పసిగట్టుచున్నదని 2008లో రెండు బృందములు వేర్వేఱుగ ప్రకటించినవి. పసిగట్టుటకు దానికున్న అంగములు డాస్-ఎస్, డాస్-టి అను రెండు ప్రోటీనులు. వానియందును హీమే కలదు. ఆమ్లజని సన్నగిల్లినను, నైట్రిక్ ఆక్సైడు తగిలినను, కార్బన్ మోనాక్సైడు తగిలినను, అవి డెవ్-ఆర్ అనియు డాస్-ఆర్ అనియు పిలువబడు నియంత్రకమును మేల్కొలుపగా, దాదాపు ఏబది జన్యువులు ఒక్కమారుగా వ్యక్తమై, బాక్టీరియా సుప్తావస్థకు సన్నద్ధమగును. మందులకు లొంగక ఏండ్ల తరబడి దాగియుండు ఆ సుప్తావస్థయే క్షయ చికిత్సలోని పెద్ద చిక్కు. ఈ డెవ్-ఆర్, డెవ్-ఎస్ (డాస్-ఎస్‌కే మఱియొక పేరు) జంటను క్షయ బాక్టీరియాలో గుర్తించి వర్ణించినది ఢిల్లీ నగరపు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోని జయా త్యాగి బృందము. వారి వ్యాసము 2000లో వెలువడినది. మన దేశపు ప్రయోగశాల నుండి వచ్చిన ఈ పని మన గ్రంథములలో చోటు చేసికొనకపోవుట నాకు బాధ కలిగించుచున్నది.

కూ-ఏ ఒక వాయువునే యేరుకొనుచుండగా, క్షయ బాక్టీరియా యంగములు మూడింటికిని ఏదో యొక రీతిని స్పందించుచున్నవన్న భేదమును గమనింపుడు. ఒకదానికి ఆ వాయువు భోజనవార్త, రెండవదానికి శత్రువు రాకను తెలుపు వార్త. వార్తయొక్క అర్థము వాయువునందు లేదు. దానిని విను జీవియొక్క జీవితమునందున్నది. నియంత్రణ ప్రకరణమున ఈ రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచినచో విద్యార్థి తనంత తానే ఈ భేదమును కనుగొనును.

మొదట పేర్కొన్న విషవాయు పుటకును దీనివలన మేలున్నది. కార్బన్ మోనాక్సైడు సోకినవారికి నేడు ఇచ్చు చికిత్స ప్రధానముగా స్వచ్ఛమైన ఆమ్లజనియే. వాయువును రక్తమునుండి నేరుగా లాగివేయు విరుగుడు మందు వైద్యుల చేతిలో లేదు. ఇంతకుముందు ప్రస్తావించిన ఆర్‌కోఎమ్ ప్రోటీనులోని హీమ్ భాగమును తీసికొని, దానిని సవరించి, కార్బన్ మోనాక్సైడును మిగుల గట్టిగా పట్టుకొనునట్లును, ఆమ్లజనిని నైట్రిక్ ఆక్సైడును అంతగా అంటకుండునట్లును మలచి, చుంచెలుకలపై పరీక్షించిన ఫలితములను అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులును వారి సహచరులును 2025లో ప్రకటించిరి. ఎలుకల రక్తమునుండి ఆ వాయువు వేగముగా తొలగినది. హీమోగ్లోబిను వంటి ప్రోటీనులను రక్తమున చేర్చినపుడు కలుగు రక్తపుపోటు ఇచ్చట తలయెత్తలేదు. మనుష్యులపై పరీక్షలు జరుగవలసియున్నవి. నేలలోని ఒక బాక్టీరియా తన భోజనమును వెదకికొనుటకు కల్పించుకొన్న పనిముట్టు కుంపటి పొగలో చిక్కిన మనుష్యుని కాపాడు మందునకు మూలము కావచ్చునన్నది, వాయుకాలుష్యపు పుటలో అచ్చువేయదగిన వాక్యము.

కావున మీకు నా విన్నపములు ఇవి. లాక్ ఒపెరాన్ పాఠమును తొలగింపవద్దు. దానికి చివర ఒకటిన్నర పుటలు కూ-ఏకు కేటాయింపుడు. ఒక బొమ్మ చాలును, కాని ఆ బొమ్మలో ఇనుమును దాని రెండు తోడులను మూడు స్థితులలో, గంధకముతో, హిస్టిడినుతో, కార్బన్ మోనాక్సైడుతో, ప్రక్కప్రక్కన చూపుడు. ప్రోలీను ఎదుటి గొలుసునుండి వచ్చుచున్నదని రంగుభేదముతో తెలుపుడు. అందులోని సంఖ్యలను, అమైనో ఆమ్లముల పేర్లను పరీక్షలలో అడుగవద్దని ప్రశ్నపత్రములు కూర్చువారికి సూచింపుడు. కంఠస్థమునకు లోబడిన నాడు ఈ పాఠము చచ్చును. అడుగదలచినచో, ఆమ్లజని నడుమ ఈ ప్రోటీను ఎందుకు మౌనము వహించునో, ఆ మౌనము బాక్టీరియాకు ఏ విధముగా లాభకరమో విద్యార్థి తన మాటలలో వ్రాయునట్లు అడుగుడు. క్షయను గూర్చిన ఆరోగ్య ప్రకరణమున డెవ్-ఆర్ జంటను నాలుగు పంక్తులలో చేర్చి, ఆ పరిశోధన ఢిల్లీలో జరిగినదని పేర్కొనుడు. విషవాయువులను గూర్చిన పుటలో హెచ్చరికను యథాతథముగా నుంచి, మూసిన గదిలో కుంపటి, జనరేటరు వాడరాదని స్పష్టముగ వ్రాసి, దాని క్రిందనే నియంత్రణ ప్రకరణపు పుట సంఖ్యను సూచింపుడు.

రాబోవు ముద్రణకు సవరణల సంఘము కూడునపుడు ఈ పాఠమునకు తొలి చిత్తుప్రతిని బొమ్మతో సహా వ్రాసి పంపుటకు నేను సిద్ధముగ నున్నాను. నావలెనే ఈ విషయమును బోధించుచున్న అధ్యాపకులెవరైన దానిని దిద్దుటకు ముందుకు వచ్చినచో మఱింత సంతోషము. మీ యుత్తరమునకై ఎదురుచూచుచుందును.

ఇట్లు, విధేయుడు,
ఒక జీవశాస్త్రాధ్యాపకుడు